అప్పు సంఘానిది, తప్పు ఎవరిది? సహకార సంఘాల బాకీల్లో పాలకవర్గం సొంత బాధ్యత ఎంత?

క్లుప్తంగా: రిజిస్టరైన సహకార సంఘం చేసిన అప్పు ఆ సంఘానిదే. అధ్యక్షుడో, కార్యదర్శో, డైరెక్టరో అయినంత మాత్రాన ఎవరూ తమ ఇల్లూ పొలమూ అమ్మి ఆ అప్పు తీర్చనక్కర్లేదు. అయితే సొంత హామీ ఇచ్చినవాళ్లు, ఖాతాలో డబ్బు లేని చెక్కు మీద సంతకం చేసినవాళ్లు, నిబంధనలు దాటి సంఘం డబ్బు ఖర్చు పెట్టినవాళ్లు, తెలిసి తెలిసీ నష్టం జరగనిచ్చినవాళ్లు సొంతంగా చిక్కుకుంటారు. అప్పుడు వాళ్ల మీద పడేది సంఘం అప్పు కాదు, వాళ్లు చేసిన పనికి వచ్చిన బాధ్యత. ఈ తేడా తెలియకే కొందరు అనవసరంగా భయపడుతున్నారు, మరికొందరు అనవసరమైన ధీమాతో ఉంటున్నారు.

రెండు వైపులా అదే అయోమయం

గుంటూరు జిల్లాలో వ్యవసాయ పరపతి సంఘానికి డైరెక్టరుగా ఉండమని అడిగినా, విజయవాడలో అపార్ట్‌మెంట్ సంఘానికి సెక్రటరీగా ఉండమని అడిగినా ముందు వచ్చే జవాబు దాదాపు ఒకటే: "సంతకాలు పెట్టాలి కదా, రేపు మెడకు చుట్టుకుంటే?" అటువైపు చూస్తే, చేనేత సంఘానికి నూలు అరువిచ్చిన వ్యాపారి, సొసైటీలో డిపాజిట్ దాచుకున్న రిటైర్డ్ ఉద్యోగి మరో ప్రశ్న అడుగుతారు: "సంఘం దగ్గర డబ్బు లేకపోతే పోయింది, దాన్ని నడిపినవాళ్ల ఆస్తులు లేవా?"

మొదటివాళ్లు బాధ్యతను ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకుంటున్నారు. రెండోవాళ్లు తమకున్న దారిని తప్పుగా అంచనా వేస్తున్నారు. ఇద్దరి ప్రశ్నకూ జవాబు చట్టంలో ఉంది. కాకపోతే ఒకే చట్టంలో, ఒకే చోట లేదు.

ఈ భయానికి పాత కారణం ఉంది

"సొసైటీలో సంతకం పెడితే పొలం పోతుంది" అనే మాట పెద్దవాళ్లు ఊరికే అనలేదు. మన దేశంలో సహకార పరపతి సంఘాలకు మొదటి చట్టం 1904లో వచ్చింది. జర్మనీలో రైఫైజన్ పెట్టిన గ్రామీణ పరపతి సంఘాల నమూనాను అనుసరించి, గ్రామీణ సంఘాలకు అపరిమిత బాధ్యతను పెట్టారు. అంటే సంఘం మునిగితే వాటా సొమ్ముతో సరిపోదు, సభ్యుల సొంత ఆస్తులూ అప్పు కిందికి వస్తాయి. తనఖా పెట్టడానికి ఏమీ లేని చిన్న రైతులకు అప్పు పుట్టాలంటే అందరూ కలిసి పూచీ పడాలన్నది దాని వెనకున్న ఆలోచన. ఒకరినొకరు ఎరిగిన ఊళ్లో, పొరుగువాడు అప్పు ఎగ్గొడితే తన పొలానికి ముప్పు కాబట్టి ప్రతివాడూ నిఘా పెడతాడని వాళ్ల లెక్క.

1912 చట్టమూ రైతుల పరపతి సంఘాలకు ఇదే పద్ధతి కొనసాగించింది. అప్పట్లో గుంటూరు, కృష్ణా జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. తరవాత ఇక్కడ 1932 నాటి మద్రాసు సహకార చట్టం నడిచింది. స్వాతంత్ర్యం వచ్చాక, గోర్వాలా అధ్యక్షతన పనిచేసిన గ్రామీణ పరపతి సర్వే కమిటీ 1954లో ఇచ్చిన నివేదిక, పరిమిత బాధ్యత ఉన్న పెద్ద సంఘాలు కావాలని చెప్పింది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో వేర్వేరుగా ఉన్న చట్టాల స్థానంలో 1964లో ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం వచ్చింది. చట్టం మారినా ఊళ్లో మాట మారలేదు. తాతల నాటి అనుభవం ఇప్పటి సంఘాల మీద నీడలా ఉంది.

ఇప్పుడు సంఘం బోర్డు చివర కనిపించే "లి." అనే ఒక్క అక్షరం ఈ చరిత్ర మొత్తాన్నీ మోస్తోంది. దాని అర్థం, సభ్యుడి నష్టం అతను తీసుకున్న వాటా దగ్గర ఆగిపోతుంది. సంఘం బైలాలో, అంటే దాని సొంత నియమావళిలో, ఒక పరిమితి రాసి ఉంటే అక్కడ ఆగుతుంది. పదవి తీసుకునే ముందు బైలాలో ఈ ఒక్క నిబంధన చదివితే సగం టెన్షన్ తగ్గుతుంది.

సంఘం వేరు, మనిషి వేరు

1964 చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన సంఘం తనంతట తాను ఒక వ్యక్తి. దాని పేరున ఆస్తి ఉంటుంది, దాని పేరున అప్పు ఉంటుంది, అది కోర్టులో దావా వేస్తుంది, దాని మీద దావా పడుతుంది. పాలకవర్గం తీర్మానం చేసి అధ్యక్షుడు సంతకం పెట్టినప్పుడు, సంతకం చేతిది అయినా మాట సంఘానిది.

అందుకే సంఘానికి నిజాయితీగా నష్టం వస్తే, ఉదాహరణకు గిడ్డంగిలో కొన్న సరుకు ధర పడిపోతే, అమ్మిన బట్టకు రావాల్సిన డబ్బు ఏడాదిపాటు రాకపోతే, ఆ నష్టం ముందు సంఘం నిధుల మీద పడుతుంది. తరవాత సభ్యుల వాటాధనం కరుగుతుంది. అప్పటికీ పూడకపోతే మిగిలింది అప్పు ఇచ్చినవాడే భరించాలి. సంఘాన్ని మూసేసి లిక్విడేటర్‌ను పెట్టినా, ఉన్న ఆస్తులు అమ్మి పంచడమే ఆయన పని. పరిమిత బాధ్యత ఉన్నచోట, లేని బాధ్యతను సభ్యుల మీద కొత్తగా రుద్దడం ఆయన చేతిలో లేదు.

ఇది అప్పులవాళ్లకు అన్యాయంగా అనిపించవచ్చు. కానీ కంపెనీల విషయంలోనూ ఇంతే. భాగస్వామ్య సంస్థ అయితే కథ వేరు: అక్కడ సంస్థ అప్పుకు ప్రతి భాగస్వామీ తన సొంత ఆస్తితో బాధ్యుడు. సహకార సంఘాన్ని చాలామంది మనసులో భాగస్వామ్య సంస్థలా చూస్తారు. "నలుగురం కలిసి పెట్టుకున్నాం కదా" అన్న భావన నుంచి వచ్చే పొరపాటు అది.

సంతకంతో వచ్చే బాధ్యత

ఆచరణలో ఎక్కువమందిని ముంచేది హామీ కాగితం. బ్యాంకు సంఘానికి క్యాష్ క్రెడిట్ (ఒక పరిమితి దాకా అవసరమైనప్పుడల్లా తీసుకుని తిరిగి కట్టే అప్పు) ఇచ్చేటప్పుడు, సంఘం తీర్మానంతో పాటు పాలకవర్గ సభ్యుల నుంచి వ్యక్తిగత హామీ కూడా అడగవచ్చు. కాగితాల కట్టలో అదీ ఒకటి. ఇరవై చోట్ల సంతకాలు పెడుతున్నప్పుడు, ఏది సంఘం తరఫున పెడుతున్నారో, ఏది తన సొంతానికి పెడుతున్నారో చాలామంది చూడరు.

1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 128వ సెక్షన్ ఇక్కడ కీలకం. ఒప్పందంలో వేరేగా రాసి ఉంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యత ఎంతో అంతే. బ్యాంకు ముందు సంఘం ఆస్తులు అమ్మి, మిగిలినదానికే హామీదారు దగ్గరికి రావాలన్న నియమం కూడా లేదు. నలుగురు డైరెక్టర్లు కలిసి హామీ ఉంటే, నలుగురి దగ్గరా నాలుగో వంతు వసూలు చేయనక్కర్లేదు. ఎవరికి ఆస్తి ఉందో వాళ్ల మీదికే మొత్తానికీ రావచ్చు. కట్టినవాడు తరవాత మిగతా ముగ్గురినీ వాళ్ల వంతు అడగవచ్చు, సంఘం మీదా దావా వేయవచ్చు. మునిగిన సంఘం మీద వచ్చే డిక్రీకి ఎంత విలువ ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

పదవి దిగిపోతే హామీ కూడా దిగిపోతుందనుకోవడం పెద్ద పొరపాటు. అధ్యక్షుడిగా రాజీనామా సంఘానికి ఇస్తారు, హామీ మాత్రం బ్యాంకు దగ్గర ఉంటుంది. క్యాష్ క్రెడిట్‌లాగా కొనసాగే హామీ అయితే, ఇకపై జరిగే లావాదేవీలకు తాను బాధ్యుణ్ని కానని బ్యాంకుకు లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అదే కాంట్రాక్టు చట్టంలోని 130వ సెక్షన్ ఆ హక్కు ఇస్తోంది. కానీ నోటీసు నాటికి ఉన్న బాకీకి హామీ అలాగే ఉంటుంది. హామీపత్రంలో బ్యాంకు పెట్టుకున్న షరతులేమిటో కూడా చదవాలి.

చెక్కు సంగతి ఇంకో రకం. సంఘం ఇచ్చిన చెక్కు డబ్బు లేక వెనక్కి వస్తే, 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్ కింద కేసు వస్తుంది. అదే చట్టంలోని 141వ సెక్షన్ "కంపెనీ" అన్న మాటను విశాలంగా నిర్వచించింది. ఏ బాడీ కార్పొరేట్ (చట్టం దృష్టిలో ఒక వ్యక్తిగా ఉండే సంస్థ) అయినా, వ్యక్తుల సంఘమైనా అందులోకి వస్తాయి, కాబట్టి సహకార సంఘమూ వస్తుంది. చెక్కు మీద సంతకం చేసినవాళ్లతో పాటు ఆ సమయంలో వ్యవహారాలు నడిపినవాళ్లూ నిందితులవుతారు. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా పడవచ్చు. కేవలం డైరెక్టరుగా పేరు ఉన్నంత మాత్రాన సరిపోదని, రోజువారీ వ్యవహారాల్లో పాత్ర ఉందని ఫిర్యాదులో చెప్పాలని సుప్రీంకోర్టు 2005లో ఎస్ఎంఎస్ ఫార్మాస్యూటికల్స్ కేసులో తేల్చింది. కానీ సంతకం చేసిన వ్యక్తికి ఆ వెసులుబాటు లేదు. గుమాస్తా చేతికి ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇచ్చి ఊరెళ్లే అధ్యక్షులు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

సర్‌ఛార్జ్: అసలు కత్తి

సహకార చట్టంలో పాలకవర్గాల్ని నేరుగా తాకే సెక్షన్ 60వది. డీసీవో (జిల్లా సహకార అధికారి) ఆఫీసు నుంచి వచ్చే "సర్‌ఛార్జ్ నోటీసు" దీని కిందే వస్తుంది. ఇది అప్పుల వసూలు సెక్షన్ కాదు. సంఘానికి నష్టం చేసినవాడి దగ్గర ఆ నష్టాన్ని తిరిగి రాబట్టే సెక్షన్.

ఇది ఎప్పుడు మొదలవుతుంది? ఆడిట్‌లోనో, సెక్షన్ 51 విచారణలోనో, తనిఖీలోనో, సంఘం మూసివేతలోనో కొన్ని లోపాలు బయటపడాలి. చట్టం చెప్పేవి ముఖ్యంగా మూడు. ఒకటి, చట్టానికో నిబంధనలకో బైలాకో విరుద్ధంగా డబ్బు చెల్లించడం. రెండు, నమ్మకద్రోహంతో కానీ ఉద్దేశపూర్వక నిర్లక్ష్యంతో కానీ సంఘం ఆస్తికి లోటు తేవడం. మూడు, సంఘం సొమ్ము కాజేయడం లేదా మోసంగా అట్టిపెట్టుకోవడం.

ఇక్కడ "ఉద్దేశపూర్వక" అన్న ఒక్క మాట మీదే చాలా కేసులు తిరుగుతాయి. అధ్యక్షుడికి లెక్కలు సరిగా రావు, గుమాస్తా తప్పుడు స్టాకు రాసింది గమనించలేదు: ఇది నిర్లక్ష్యమే కావచ్చు, ఉద్దేశపూర్వకం అని రుజువు కావాలి. అదే అధ్యక్షుడికి ఆడిటర్ రెండేళ్లు వరసగా ఈ లోటు గురించి రాసి ఇచ్చి, ఆయన దాన్ని పాలకవర్గం ముందు పెట్టకుండా పక్కన పడేస్తే, పరిస్థితి మారిపోతుంది. తెలియకపోవడం వేరు, తెలిసి ఊరుకోవడం వేరు. ఆడిట్ అభ్యంతరాలకు సమాధానం రాయకుండా వదిలేసిన పాలకవర్గాలు తమకు తెలియకుండానే 'తెలియకపోవడం' అన్న గడిలోంచి 'తెలిసి ఊరుకోవడం' అన్న గడిలోకి వెళ్లిపోతాయి.

ఈ సెక్షన్‌కు దొరికేవాళ్ల పరిధి కూడా పెద్దదే. ప్రస్తుత పాలకవర్గమే కాదు, గతంలో పదవిలో ఉన్నవాళ్లు, జీతానికి పనిచేసే కార్యదర్శి, సీఈవో, గుమాస్తా కూడా వస్తారు. ఎవరైనా ముందు నోటీసు ఇచ్చి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. పాలకవర్గం మొత్తాన్నీ ఒకే గాటన కట్టకుండా, ఏ చెల్లింపుకు ఎవరి నడవడిక కారణమో తేల్చాలి. ఆర్డర్ వస్తే వడ్డీతో సహా కట్టాలి. కట్టకపోతే ఆస్తుల జప్తు దాకా వెళ్తుంది. ఆర్డర్ మీద ట్రైబ్యునల్‌కు అప్పీలు ఉంది, గడువు దాటనివ్వకూడదు. ఇదంతా నడుస్తుండగానే అదే విషయంపై పోలీసు కేసు కూడా నడవవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో నమ్మకద్రోహానికి 316వ సెక్షన్ ఉంది. ఒకటి డబ్బు రాబట్టడానికి, మరొకటి శిక్షకు. ఒకదానిలో కట్టేశాం కాబట్టి రెండోది దానంతటదే పోతుందనుకోకూడదు.

అప్పు ఇచ్చినవాళ్లు గమనించాల్సింది కూడా ఉంది. సర్‌ఛార్జ్ కింద వసూలైన డబ్బు సంఘం ఖాతాకు వెళ్తుంది, నేరుగా నూలు వ్యాపారి చేతికి రాదు. కానీ సంఘం చేతిలో డబ్బు పడితేనే ఆయన బాకీకి దారి ఏర్పడుతుంది.

ఒక లెక్క వేసి చూస్తే

మంగళగిరి వైపు ఒక చేనేత సంఘం ఉందనుకుందాం. బ్యాంకుకు 40 లక్షలు బాకీ. గిడ్డంగి అమ్మితే 15 లక్షలు, నిల్వ బట్ట అమ్మితే 10 లక్షలు వస్తాయి. ఇంకా 15 లక్షల లోటు. ఆడిట్‌లో తేలింది ఏమిటంటే, అందులో 3 లక్షలు తీర్మానం లేకుండా ఒక కాంట్రాక్టరుకు చెల్లించారు. 2 లక్షల సరుకు గుమాస్తా కస్టడీలో మాయమైంది. మిగతా 10 లక్షలు అమ్మకాలు పడిపోయి, రావాల్సినవి ఆలస్యమై, వడ్డీ పెరిగి వచ్చిన నష్టం.

హామీలు ఏమీ లేకపోతే, చెల్లింపు చేసినవాళ్ల మీద 3 లక్షలకు, గుమాస్తా మీద 2 లక్షలకు సర్‌ఛార్జ్ రావచ్చు. అది వసూలైతే బ్యాంకుకు మిగిలే నష్టం 10 లక్షలు. అధ్యక్షుడి ఇంటి జోలికి ఆ 10 లక్షల కోసం ఎవరూ రాలేరు. ఇప్పుడు ఒక్క విషయం మార్చి చూడండి: అధ్యక్షుడు, కార్యదర్శి వ్యక్తిగత హామీ ఇచ్చారు. వాళ్ల తప్పు పైసా లేకపోయినా, బ్యాంకు వాళ్లిద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం 15 లక్షలూ అడగవచ్చు. సంఘం ఆస్తులు అమ్ముడయ్యేదాకా ఆగే ఓపిక లేకపోతే 40 లక్షలకూ అడగవచ్చు. సంఘం అదే, నష్టం అదే, మారింది ఒక్క కాగితం.

మీ "సొసైటీ" ఏ చట్టం కింద ఉంది?

తెలుగులో అన్నిటినీ సొసైటీ అనే అంటాం. చట్టం అలా అనదు. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలు 1964 చట్టం కింద నడుస్తాయి. పొదుపు సంఘాల్లో, పాల సంఘాల్లో కొన్ని 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద, అంటే మ్యాక్స్ కింద రిజిస్టరయ్యాయి. విజయవాడ, గుంటూరుల్లోని అపార్ట్‌మెంట్ సంఘాల్లో కొన్ని మ్యాక్స్ కింద, కొన్ని 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉంటాయి.

తేడా ఎక్కడ వస్తుందంటే, 60వ సెక్షన్ 1964 చట్టంలోది. మిగతా రెంటికీ అది వర్తించదు. మ్యాక్స్ సంఘాల వివాదాలు సహకార ట్రైబ్యునల్‌కు వెళ్తాయి. ఆ చట్టం ప్రభుత్వ పెత్తనం తగ్గించి సభ్యులకే స్వేచ్ఛ ఇచ్చింది, కాబట్టి కాపలా కాయాల్సిందీ సభ్యులే. 2001 చట్టం కింద ఉన్నవాటి పాలక వివాదాలు మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్తాయి. లిఫ్ట్ రిపేరు బిల్లు కట్టలేదని అపార్ట్‌మెంట్ సెక్రటరీకి వచ్చే నోటీసులో ఆయన పేరు ఉండటం మామూలే. సంఘం తరఫున ఆయన పేరు రాశారా, ఆయన్ని సొంతంగా బాధ్యుణ్ని చేశారా అన్నది చదివి చూసుకోవాలి. సంఘం ఇంకా రిజిస్టరే కాకపోతే మాత్రం ఆర్డరు ఇచ్చిన మనిషికి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు.

డిపాజిట్లు తీసుకుంటే లెక్క మారుతుంది

2001లో సికింద్రాబాద్‌లో కృషి సహకార అర్బన్ బ్యాంకు, ఆ తరవాత ప్రుడెన్షియల్, చార్మినార్ అర్బన్ బ్యాంకులు కుప్పకూలినప్పుడు రాష్ట్రం మొత్తం ఒక పాఠం నేర్చుకుంది. డిపాజిటర్ల డబ్బు చేతిలో ఉన్నప్పుడు పాలకవర్గం బాధ్యత మామూలు అప్పుల బాధ్యతలా ఉండదు. రిజర్వు బ్యాంకు 2003లో అర్బన్ బ్యాంకులు తమ డైరెక్టర్లకూ వాళ్ల బంధువులకూ అప్పులివ్వకుండా నిషేధించింది. బ్యాంకింగ్ నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణతో సహకార బ్యాంకుల మీద రిజర్వు బ్యాంకు అధికారం ఇంకా పెరిగింది.

డిపాజిటర్లు ఒక తేడా తప్పనిసరిగా తెలుసుకోవాలి. సహకార బ్యాంకులో డిపాజిట్‌కు 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షల దాకా బీమా ఉంది. సహకార సొసైటీలో డిపాజిట్‌కు ఆ బీమా లేదు. బోర్డు మీద బ్యాంకు అన్న మాట ఉండకూడదని చట్టం చెప్తున్నా, సొసైటీలు ఆ పేరు వాడుతున్నాయనీ, కొన్ని సభ్యులు కానివాళ్ల దగ్గర, నామమాత్రపు సభ్యుల దగ్గర డిపాజిట్లు తీసుకుంటున్నాయనీ రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో ప్రజల్ని హెచ్చరించింది. అలా తీసుకోవడం లైసెన్సు లేని బ్యాంకింగ్. అక్కడ "అప్పు సంఘానిది" అన్న కవచం పాలకవర్గానికి పెద్దగా పనికిరాదు.

రాష్ట్రంలో 1999 నాటి డిపాజిటర్ల పరిరక్షణ చట్టం కూడా ఉంది. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ వ్యవహారంలో ఆస్తుల జప్తు ద్వారా ఈ చట్టం పేరు ఇక్కడ చాలామందికి తెలిసింది. అగ్రిగోల్డ్ సహకార సంఘం కాదు, కంపెనీల సమూహం. కానీ ఆ చట్టం సంస్థ ఆస్తుల దగ్గరే ఆగకుండా, నడిపినవాళ్ల ఆస్తుల దాకా వెళ్లగలదన్నది సొసైటీలు నడిపేవాళ్లు కూడా గమనించాలి.

పీఎఫ్, టీడీఎస్

సిబ్బంది జీతంలోంచి కోసిన పీఎఫ్, పన్ను కింద కోసిన టీడీఎస్ సంఘం డబ్బు కాదు. వాటిని కట్టకుండా జీతాలకో వడ్డీలకో వాడితే, నడిపినవాళ్ల మీద క్రిమినల్ కేసులకు దారి ఉంది. 50 మంది కంటే తక్కువ సిబ్బందితో, విద్యుత్తు వాడకుండా పనిచేసే సహకార సంఘాలకు పీఎఫ్ చట్టంలో మినహాయింపు ఉంది. ఒకసారి కోశాక మాత్రం మినహాయింపు గురించి మాట్లాడటానికి లేదు.

దీని ప్రభావం ఎటు పోతోంది

బాధ్యత హద్దులు స్పష్టంగా తెలియకపోతే జరిగే నష్టం సంఘాలకే. ఆస్తి, పరువు ఉన్న రైతులు, రిటైరైన ఉద్యోగులు పోటీకి దూరంగా ఉంటారు. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాళ్లో, ఎలాగూ తప్పించుకోగలమనే ధైర్యం ఉన్నవాళ్లో ఆ కుర్చీల్లోకి వస్తారు. ఎన్నికలు లేక, తాత్కాలికంగా నియమించిన పర్సన్ ఇన్‌ఛార్జ్ కమిటీలతో నడిచే రోజుల్లో ఇది ఇంకా చిక్కు. తాత్కాలికంగా వచ్చినవాళ్లు పాత లోటుకు తాము కారణం కాదంటారు, పాతవాళ్లు రికార్డులు తమ దగ్గర లేవంటారు.

ఆ రెండో మాటలోనే నిజమైన ఇబ్బంది ఉంది. సర్‌ఛార్జ్ నోటీసు పదవిలో ఉండగానే రావాలని లేదు. ఏళ్ల తరవాత, దిగిపోయాక రావచ్చు. అప్పటికి మినిట్స్ పుస్తకం, ఓచర్లు, స్టాకు రిజిస్టర్లు అన్నీ సంఘం దగ్గర ఉంటాయి, జవాబు చెప్పుకోవాల్సిన మనిషి బయట ఉంటాడు. తాను వద్దన్న చెల్లింపుకు తన అభ్యంతరం మినిట్స్‌లో రాయించి ఉంటే, ఆ పేజీ జిరాక్స్ తన దగ్గర ఉంటే, ఛార్జి అప్పగించిన రోజు నగదు, స్టాకు, రికార్డుల జాబితా మీద రెండు వైపులా సంతకాలు ఉంటే, జవాబు రెండు పేజీల్లో అయిపోతుంది. అవి లేకపోతే ముందు రికార్డుల నకళ్లు ఇప్పించమని నోటీసు ఇచ్చిన అధికారికే దరఖాస్తు పెట్టుకోవాలి, వివరణకు గడువు అడగాలి. నోటీసు తీసుకోకుండా తిప్పి పంపడం, జవాబు ఇవ్వకుండా ఊరుకోవడం మాత్రం చేయకూడదు. అలా ఊరుకుంటే ఆడిటర్ రాసిందొక్కటే ఫైల్లో మిగులుతుంది, ఆర్డర్ దాని మీదే వస్తుంది.